వీరేశం వేసిన అయిదు మార్కులు

కొండాపూర్ పశువుల దవాఖానలో అటెండరు వీరేశానికి రెండు ఉద్యోగాలు. ఒకటి ప్రభుత్వం ఇచ్చింది. అందులో జీతం ఉంది, పని లేదు. రెండోది జనవాణి రేడియో ఇచ్చింది. అందులో పని ఉంది, జీతం లేదు. వీరేశం ప్రాణం ఏ ఉద్యోగం మీద ఉండేదో వేరే చెప్పక్కర్లేదు.

మొదటిదాంట్లో పని లేదనడం పూర్తిగా న్యాయం కాదు. ఆయన చేరిన కొత్తలో పొద్దు పొడిచేసరికి దవాఖాన ముందు ఎడ్లు, బర్రెలు, మేకలు, వాటిని పట్టుకొచ్చిన మనుషులు, అంతా ఒకటే గందరగోళంగా ఉండేది. తర్వాత ప్లాట్లు కొట్టేవాళ్లు వచ్చారు. పొలాలు పోయాయి. పొలాల వెంట ఎడ్లు పోయాయి, గడ్డి లేక బర్రెలు పోయాయి. 1997 నాటికి దవాఖానకు డాక్టరు ఉన్నాడు, అటెండరు ఉన్నాడు, కొత్తగా రంగు వేసిన బోర్డు ఉంది. పశువు లేదు. రోజూ పదింటికి తాళం తీసి, గది ఊడ్చి, మందు సీసాల మీద దుమ్ము తుడిచి, రేడియో పెట్టుకుని కూర్చోవడమే వీరేశం డ్యూటీ అయిపోయింది.

జనవాణి అంటే ప్రజల డబ్బుతో ప్రజల కోసం నడిచే ప్రాంతీయ రేడియో. 1989లో నగరంలో రెండు గదుల్లో, ఒక్క ప్రసార స్తంభంతో మొదలైంది. మొదలైన మర్నాటి నుంచే దానికి పెరగాలన్న కోరిక పుట్టింది. పెరగాలంటే ముందు తన గొంతు ఎందాకా వెళ్తోందో తెలియాలి. అది కొలిచే యంత్రాలు ఖరీదు. మనుషులు చవక. అందుకని ఊరికొక మనిషిని ఎంచి, శ్రోత ప్రతినిధి అని పేరు పెట్టి, చొక్కాకు పెట్టుకునే ఒక బిళ్ల, అచ్చువేసిన ఫారాల కట్ట, తపాలా బిళ్లలంటించిన కవర్లు ఇచ్చారు. కొండాపూర్‌కు ఆ బిళ్ల 1991లో వచ్చింది. వీరేశం దాన్ని ఎడమ జేబు మీద పెట్టుకుని ఊరంతా ఒకసారి తిరిగి వచ్చాడు. అడిగినవాళ్లకు చెప్పాడు, అడగనివాళ్లకు ఇంకా వివరంగా చెప్పాడు.

ఫారంలో పెద్ద చిక్కేమీ లేదు. తేదీ, సమయం, కార్యక్రమం పేరు, చివర అయిదుకు ఎన్ని మార్కులు. ఒకటంటే ఏమీ వినబడటం లేదని. అయిదంటే ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు ఉందని. అలా వారం వారం నింపి పంపాలి. రేడియో వాళ్లు అడిగింది వాళ్ల స్తంభం సంగతి. వీరేశానికి అర్థమైంది మాత్రం వేరు.

దానికి కారణం ఒక దున్నపోతు. 1984లో దవాఖాన తనిఖీకి ఒక పెద్ద ఆఫీసరు వచ్చాడు. ఆయన మెట్లెక్కుతున్న సమయానికే ఆ దున్నపోతు వరండాలో పేడ వేసింది. ఆఫీసరు పేడను దాటుకుని లోపలికొచ్చాడు. పుస్తకంలో వీరేశం పేరు పక్కన 'తృప్తికరంగా లేదు' అని రాసి, సంతకం పెట్టి వెళ్లిపోయాడు. వీరేశానికి రెండేళ్లు ఇంక్రిమెంటు ఆగింది. పేడ వేసిన దున్నపోతుకు మాత్రం ఏమీ కాలేదు. అప్పటి నుంచి కాగితం మీద ఒక తక్కువ మాట పడిందంటే ఎక్కడో ఒకరి అన్నంలో మన్ను పడినట్టేనని వీరేశం గట్టిగా నమ్మాడు.

కాబట్టి ఆ మార్కులు ఆయన దృష్టిలో స్తంభానికి కావు, మనుషులకు. పొద్దున వార్తలు చదివే జయంతి అనే అమ్మాయి గొంతు ఆయనకు బాగా తెలుసు, మనిషిని చూడలేదు. చలికాలం చీకట్లో లేచి, బస్సు పట్టుకుని, వెళ్లి వార్తలు చదువుతుందే, ఆ బిడ్డకు నాలుగెట్లా వేస్తాం? అయిదు. వ్యవసాయ కార్యక్రమంలో పెద్దమనిషి మాట మాటకూ దగ్గాడు. పాపం జలుబు చేసింది. అయిదు. ఒకరోజు కరెంటు పోయి గంటసేపు ఏమీ రాలేదు. కరెంటు పోతే వాళ్లేం చేస్తారు? అయిదు.

ఆయన భార్య సత్తెమ్మకు చదువు రాదు. కానీ అంకెలు తెలుసు. ఒకనాడు ఫారం మీదికి వంగి చూసి అడిగింది.

"అందరికీ అయిదే ఏస్తవ్. ఇగ ఇనుడెందుకయ్యా? ఇనకుంటనే ఏసి పంపరాదు?"

"నీకెర్కలే. కాయిదం మీద రాసుడంటే మాటలు కాదు. ఒకల కడుపు కొట్టుడు నాతోని కాదు" అన్నాడు వీరేశం.

వినకుండా వేస్తాడా మరి! అక్కడ ఆయన నిజాయితీపరుడు. రేడియో పెట్టిన సేపూ ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. సత్తెమ్మకు చేతులు కదిలితే నోట పాట వచ్చే అలవాటు. ఊడుస్తూ, రుబ్బుతూ, బియ్యం చెరుగుతూ సన్నగా ఏదో ఒకటి అందుకునేది. వెంటనే వీరేశం వేలు పైకి లేచేది. "జర సప్పుడు చెయ్యకే. డ్యూటీల ఉన్న." ఆమె పాట అక్కడే ఆగేది. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో జనవాణి పాడింది, సత్తెమ్మ ఊరుకుంది.

ఇంతలో జనవాణి పెరిగింది. వీరేశం లాంటివాళ్లు పంపిన కాగితాలు చూసుకుని మహబూబ్‌నగర్‌లో ఒక కేంద్రం, నల్లగొండలో ఒకటి, ఆపై కరీంనగర్, ఆపై ఇంకా దూరాలకు. ఏటేటా శ్రోత ప్రతినిధులందరినీ నగరానికి పిలిచి, భోజనం పెట్టి, గోడకు వేలాడదీసిన పెద్ద పటం చూపించేవారు. బాగా వినబడే ఊళ్లకు ఆకుపచ్చ గుండుసూదులు, వినబడని ఊళ్లకు ఎర్ర గుండుసూదులు. కొండాపూర్‌కు ఎప్పుడూ ఆకుపచ్చే. వీరేశం ఆ గుండుసూదిని చూసుకుని, తన జేబు మీద బిళ్లను తడుముకునేవాడు.

ఆ సభల్లో ఆయన పక్క కుర్చీలో కూర్చునే మనిషి భీమేశ్వరరావు. గోదావరి జిల్లా నుంచి వచ్చి, నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా రిటైరై, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన వేసేవి ఒకట్లు, రెండ్లు. మూడు వేసిన రోజు ఆయనకు ఒంట్లో బాగాలేదనుకోవాలి. వేసి ఊరుకోడు, ఫారానికి రెండు పేజీల ఉత్తరం కుట్టి పంపేవాడు.

"తప్పు కదండీ రావుగారు? ఆడ పనిచేసేటోళ్లు ఏమైతరు?" అని వీరేశం ఒకసారి మెల్లగా అడిగాడు.

"ఏమీ అవ్వరండీ. వాళ్లు మనని అడిగింది వినపడుతోందా లేదా అని. లేదంటే లేదనే కదండీ చెప్పాలి?" అన్నాడు భీమేశ్వరరావు, అరిటాకు మీద పప్పు కలుపుకుంటూ.

ఇంత కఠినాత్ముడి పక్కన కూర్చుని తినాల్సి వచ్చినందుకు వీరేశం బాధపడ్డాడు.

1997లో మాదాపూర్ వైపు బండలు పేల్చడం మొదలైంది. పేలినప్పుడల్లా అలమరలో రేడియో ఒక ఇంచు ముందుకు జరిగేది. మరుసటేడు అద్దాల మేడ లేచింది, దాని పేరు హైటెక్ సిటీ అన్నారు, పెద్దవాళ్లు వచ్చి ప్రారంభించారు. దాని చుట్టూ ఇంకా మేడలు లేవసాగాయి. వెల్డింగులు, మనిషి నడుమంత లావు కేబుళ్లు, గది అంత జనరేటర్లు కొండాపూర్ దాకా వచ్చేశాయి. ప్రపంచంలో ఏ మూల మాట్లాడినా ఈ మేడల్లో వినబడుతుందని జనం చెప్పుకున్నారు. ఆ మేడల పక్కన వీరేశం ఇంట్లో మాత్రం పదిమైళ్ల అవతలి జయంతి గొంతు రావడం మానేసింది. నూనెలో అప్పడాలు వేగుతున్నట్టు ఒకటే చప్పుడు, ఆ వెనకెక్కడో ఆమె.

వీరేశం తేలిగ్గా వదల్లేదు. రేడియో చేత్తో పట్టుకుని ప్రహరీ ఎక్కాడు, నీళ్ల ట్యాంకు ఎక్కాడు, పశువుల్ని కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రంలో తానే దూరి నిలబడి చూశాడు. చివరికి దవాఖాన వెనక ఖాళీ సీసాలు పారేసే గుంత దగ్గర ఉత్తరం ముఖంగా కూర్చుంటే మూడు మాటల్లో ఒకటి తెలుస్తోందని కనిపెట్టాడు. అప్పటి నుంచి రోజూ రేడియో అక్కడికే పట్టుకుపోయి, ఆ ఒక్క మాటా విని, ఫారం తీసి, అయిదు వేసేవాడు. జనరేటర్లు మోగితే జయంతి తప్పా?

అటు సత్తెమ్మకు ఆ మేడల్లోనే పని దొరికింది. కౌలుకు చేసుకునే పొలం పోయినా ఆమెకు నాటు వేసే రాత పోలేదు. మేడల ముందు పచ్చగడ్డి తివాచీలా పరవాలట; ఆ గడ్డిని పిలకలు పిలకలుగా నాటడానికి నాట్లు తెలిసిన ఆడవాళ్లే కావాలన్నాడు మేస్త్రీ. అయిదుగురు ఆడవాళ్లు వరసగా వంగి, వెనక్కి అడుగులేస్తూ, ఒకప్పుడు వరి నాటిన నేలలోనే గడ్డి నాటారు. పెరిగితే కోయడానికి మిషను ఉంది, తినడానికి ఊళ్లో పశువు లేదు. నడుము వంగింది కాబట్టి పాట దానంతటదే వచ్చింది. అక్కడ వేలెత్తేవాళ్లు లేరు. సత్తెమ్మ ఎత్తుకుంటే మిగతావాళ్లు వెనక పలికేవారు.

1999 జూన్‌లో ఒకరోజు జనవాణి నుంచి ఉదయ్ భాస్కర్ అనే యువకుడు రికార్డింగు పెట్టె భుజాన వేసుకుని అక్కడికి వచ్చాడు. కార్యక్రమాలు తయారుచేసేవాడు. ఒక కంపెనీ ఆఫీసరు నూతన యుగం గురించి చెబుతుంటే రికార్డు చేయాలి. కిటికీలోంచి పాట వచ్చి నూతన యుగం మీద పడుతోంది. ఆపమని చెప్పి వద్దామని ఉదయ్ భాస్కర్ బయటికొచ్చాడు. వచ్చినవాడు గట్టు మీద కూర్చుండిపోయాడు. ఆఫీసరు లోపల అరగంట ఎదురుచూశాడు.

"ఈ పాట మీకెవరు నేర్పారమ్మా?" అని అడిగాడు ఉదయ్ భాస్కర్.

"ఎవరు నేర్పుతరు బిడ్డా? మా అత్త పాడేది, ఎనక నేను పలికేదాన్ని. నడుము నొస్తే తెల్వకుంట."

మొత్తం పాట రికార్డు చేసుకున్నాడు. పేరు రాసుకున్నాడు. మీ ఆయన పేరేమిటని అడిగితే సత్తెమ్మ సిగ్గుపడి చెప్పలేదు, పక్కనున్న యాదమ్మ చెప్పింది.

"అయిదు మార్కుల వీరేశం గారా! ఆయన మా ఆఫీసులో అందరికీ తెలుసండీ" అన్నాడు ఉదయ్ భాస్కర్ సంతోషంగా. ఆగస్టు ఇరవై రెండు ఆదివారం జనవాణికి పదేళ్లు నిండుతాయని, ఆ రోజు పన్నెండో కేంద్రం మొదలవుతుందని, పొద్దున ఏడున్నరకు ప్రత్యేక కార్యక్రమంలో ఈ పాట పన్నెండు కేంద్రాల్లోనూ ఒకేసారి వస్తుందని చెప్పాడు.

"నేను గూడ ఇనొచ్చా?" అంది సత్తెమ్మ.

"మీరే వినాలి కదమ్మా!"

ఆమె ఇంటికి వచ్చి ఆ సంగతి భర్తకు చెప్పినప్పుడు ముఖం వెలిగిపోతోంది. "నా గొంతు నేనెన్నడన్న ఇన్ననా? లోపట్నించి వచ్చేది ఒక తీరుంటదట, బయటికెల్లి ఇంటె ఒక తీరుంటదట. అందరు నాది అత్త గొంతంటరు. గా దినం ఇని చెప్త, అత్తదో నాదో."

అత్త అంటే వీరేశం తల్లి. చనిపోయి పన్నెండేళ్లు. వీరేశం తల ఊపాడు. సంతోషం సగం. మిగతా సగం ఏమిటో ఆయనకు తెలుసు. తన ఇంట్లో రేడియో వినబడదు. ఆ సంగతి లోకంలో తనకు తప్ప ఎవరికీ తెలియదు.

జులైలో సభ జరిగింది. జనవాణి ఇంజనీరు గారు పటం ముందు నిలబడి శుభవార్త చెప్పారు. నగరానికి పడమటి దిక్కున కట్టడాలు పెరిగి ప్రసారం దెబ్బతింటోందట. అక్కడొక చిన్న సహాయ ప్రసారిణి పెట్టాలని నిర్ణయించారట. దాని శక్తి తక్కువ, చుట్టూ రెండు మూడు మైళ్లకు మించి పోదు. కొండాపూర్ దగ్గర పెట్టాలా, కూకట్‌పల్లిలో పెట్టాలా అని చాలా ఆలోచించారట.

"మా అనుమానం ముందు కొండాపూర్ మీదే ఉండేది. అన్ని మేడలు అక్కడే కదా! కానీ ఎనిమిదేళ్ల నివేదికలు తీసి చూశాం. ఒక్క వారం కూడా అయిదు తగ్గలేదు. కూకట్‌పల్లిలో చూస్తే అన్నీ ఒకట్లు, రెండ్లు. కాబట్టి ప్రసారిణి కూకట్‌పల్లికి ఇచ్చాం. వచ్చే నెల మొదటి వారంలో పనిచేస్తుంది" అన్నారు ఇంజనీరు గారు.

వీరేశం లేచి నిలబడ్డాడు. "సార్, జర ఈ నడుమ మా దిక్కు..."

"అదిగో, ఆయనే వీరేశం గారు! రాష్ట్రంలోకెల్లా ఉత్తమ శ్రోత!" అన్నారు ఇంజనీరు. చప్పట్లు మోగాయి. వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. తెల్లచీర కట్టుకున్న ఒక సన్నటి అమ్మాయి పూలగుచ్ఛం ఇచ్చి, "నేనేనండీ జయంతిని. మీ ఫారాలు చూస్తే మాకెంత ధైర్యమో!" అంది. అంతా అయ్యాక మీరేదో చెప్పబోయారు చెప్పండని మైకు ముందు నిలబెట్టారు. జయంతి ఎదురుగా చిరునవ్వుతో చూస్తోంది. వీరేశం చేతులు జోడించి, "అంత మంచిగనే ఉంది సార్" అని దిగిపోయాడు.

పక్క కుర్చీలో భీమేశ్వరరావు శాలువా అంచు పట్టుకుని చూశాడు. "బాగుందండీ. నాకు శాలువా ఇవ్వలేదు కానీ ప్రసారిణి ఇచ్చారు" అన్నాడు. పాపం ఆయన వెటకారంగా అనలేదు.

ఇంటికొచ్చి వీరేశం చాలా లెక్కలు వేసుకున్నాడు. ఇప్పుడు ఒకటి వేస్తే ఎనిమిదేళ్ల అయిదులూ అబద్ధమని తేలుతుంది. పైగా శాలువా కప్పించుకున్నాడు. పూలగుచ్ఛం ఇచ్చిన చేతికి ఒకటి ఎలా వేస్తాడు? చివరికి ఒక ఆశ దొరికింది. పాట వచ్చే రోజు ఆదివారం. ఆఫీసులకు సెలవు. సెలవైతే జనరేటర్లు మోగవు. మోగకపోతే వినబడుతుంది. ఈ ఆశ మీద సత్తెమ్మకు ఏమీ చెప్పకుండా నెల గడిపాడు.

ఆయనకు తెలియనిదేమిటంటే, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ మరిచిపోయి లోకం తలకిందులవుతుందని ఆ మేడల్లో ఒకటే హడావిడిగా ఉంది. అది జరగకుండా చూడటానికి వందలమంది ఆదివారాలు కూడా పని చేస్తున్నారు.

ఆగస్టు ఇరవై రెండున సత్తెమ్మ తలంటుకుని, పెట్టెలోంచి నీలం పట్టుచీర తీసి కట్టుకుంది. యాదమ్మ, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు ఏడింటికే వచ్చి చాప మీద కూర్చున్నారు. తమ వెనకపాటలు కూడా ఉన్నాయి మరి. ఏడున్నరకు వీరేశం రేడియో తిప్పాడు. అప్పడాలు వేగాయి. ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు. రేడియో ఎత్తుకుని దవాఖాన వెనక గుంత దగ్గరికి పరుగెత్తాడు, వెనకాలే పట్టుచీరతో సత్తెమ్మ, ఆమె వెనక నలుగురు ఆడవాళ్లు. గుంత దగ్గర చప్పుడు ఇంకా ఎక్కువగా ఉంది. అందులోంచి "...కొండాపూర్ గ్రామానికి చెందిన..." అన్న మూడు మాటలు మాత్రం తేలి, మళ్లీ మునిగిపోయాయి.

"సెట్టు ఖరాబైందా?" అంది సత్తెమ్మ.

వీరేశం తల దించుకున్నాడు. "సెట్టు మంచిగనే ఉంది. యాడాది సంది ఇట్లనే."

సత్తెమ్మకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చెంగు నడుముకు దోపి రోడ్డు వైపు నడిచింది. వినబడే చోటు ఒక్కటే ఉంది, కూకట్‌పల్లి. ఇద్దరూ ఆటో ఎక్కారు. మొదట ఉపన్యాసాలుంటాయి, పాట చివర్న ఉంటుందని వీరేశం దారి పొడుగునా తనకు తానే చెప్పుకున్నాడు. రోడ్డంతా కేబుళ్ల కోసం తవ్విన గోతులే. భీమేశ్వరరావు ఇల్లు వెతికి పట్టుకునేసరికి ఎనిమిదీ అయిదైంది.

భీమేశ్వరరావు ముందుగదిలో రేడియో ఎదురుగా కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. వీళ్లను చూడగానే లేచాడు.

"అయ్యో, రండి రండి! ఇప్పుడే అయిపోయిందండీ, ఇంకా నిమిషం కాలేదు. అమ్మణ్ణీ, మంచినీళ్లు పట్టుకురా! పాట పాడినావిడ వచ్చారు!"

బల్ల మీద ఆయన ఫారం ఉంది. సిరా ఇంకా ఆరలేదు. మార్కుల గడిలో అయిదు. ఆయన జీవితంలో వేసిన మొదటి అయిదు అది. దానికి ఉత్తరం కుట్టలేదు.

రేడియోలో జయంతి గొంతు వస్తోంది, ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉంది. "ఈ పాటను కొండాపూర్‌లో తమ ఇంట్లో సతీమణితో కలిసి విన్న మన ఉత్తమ శ్రోత వీరేశం గారికి జనవాణి ప్రత్యేక అభినందనలు." వీరేశానికి భూమిలోకి కుంగిపోదామనిపించింది.

సత్తెమ్మ గుమ్మం పక్కనే కింద కూర్చుంది. "అయ్యా, ఎట్లుండె?" అని భీమేశ్వరరావును అడిగింది.

"ఎలా ఉందంటే ఏం చెప్పనమ్మా! మొదట్లో నెమ్మదిగా, మనసులో అనుకుంటున్నట్టు ఎత్తుకున్నారు. తర్వాత వెనకవాళ్లు కలిశారు. మధ్యలో ఒకచోట మీరు చిన్నగా నవ్వారు చూడండి, అక్కడ నాకూ మా ఆవిడకీ కళ్లనీళ్లు తిరిగాయండీ."

"నవ్విన్నా? నాకు యాదికే లేదు." ఆమె ఒక్కొక్క మాటా అడిగి చెప్పించుకుంది. చివరికి, "మా అత్త గొంతు లెక్కనే ఉందా అయ్యా?" అంది.

భీమేశ్వరరావు ఏం చెబుతాడు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన మనిషి ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు. ఆయన వినలేదు.

కాలనీ మలుపులో ఉన్న ఫోను బూత్ నుంచి వీరేశం ఉదయ్ భాస్కర్‌కు ఫోన్ చేసి, ఆ టేపు ఒక్కసారి వినిపిస్తారా అని బతిమాలాడు. ఉదయ్ భాస్కర్ నొచ్చుకున్నాడు. ప్రసారం కాగానే దాని మీద సాయంత్రం ఉపన్యాసం రికార్డు చేయడం మొదలుపెట్టేశారట. కేంద్రాలు పన్నెండయ్యాయి కానీ టేపులు మాత్రం మూడు కేంద్రాలకు సరిపడేవే ఉన్నాయట. "అయినా మీకు స్పష్టంగా వినిపించి ఉంటుంది కదండీ?" అన్నాడు.

తిరుగు ఆటోలో సత్తెమ్మ సగం దారి దాకా రోడ్డు మీది గోతుల్నే చూస్తూ కూర్చుంది. తర్వాత బయటికి చూస్తూనే అంది.

"ఎన్మిదేండ్లు అందరి కడుపు సూసినవ్. ఎవ్వల నోటికాడిది పోనియ్యలే. నాదొక్కటే పోగొట్టినవ్."

కోపంగా అనలేదు. కోపంగా అంటే వీరేశం ఏదో ఒకటి సర్దిచెప్పేవాడు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కొండాపూర్ వచ్చేదాకా ఏడ్చాడు. ఆటోవాడు అద్దంలో చూసి, ఎవరో పోయారనుకుని మెల్లగా నడిపాడు.

ఇంటికెళ్లి ఫారం తీశాడు. మార్కుల గడిలో ఒకటి వేశాడు. కింద ఖాళీలో వంకర అక్షరాలతో రాశాడు: "ఏమీ వినబడలేదు. ఏడాది నుంచి వినబడటం లేదు. అయిదులు నేనే వేశాను. తప్పు నాది. జయంతమ్మది కాదు." రాసింది సత్తెమ్మకు చదివి వినిపించి, ఆమె చూస్తుండగానే కవరు అంటించాడు. రెండో ఉద్యోగం ఇక పోయినట్టేనని బిళ్ల కూడా జేబు మీంచి తీసి అలమరలో పెట్టాడు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. టైపు చేసిన ఉత్తరం, కింద గుండ్రటి ముద్ర. బిళ్ల ఎక్కడ వెనక్కి ఇమ్మంటారోనని వీరేశం భయంభయంగా చదివాడు. సత్తెమ్మ అరుగు మీద కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది.

"మీ నివేదిక అందినది. కొండాపూర్ ప్రాంతమునకు సంబంధించి గత ఎనిమిది సంవత్సరముల నివేదికలతో పోల్చి చూడగా, ప్రసారములో ఎట్టి లోపమూ లేదని నిర్ధారణ అయినది. మీ రేడియో సెట్టు చెడిపోయినట్టు తోచుచున్నది. దయచేసి మంచి మెకానిక్కునకు చూపించుకొనగలరు. ఎప్పటివలెనే మీనుండి అయిదు మార్కుల నివేదిక ఆశించుచున్నాము."

సత్తెమ్మ చాట ఆపింది. ముందు పెదవి బిగబట్టింది, తర్వాత ఆగలేక నవ్వేసింది. ఆ ఆదివారం తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. వీరేశం కూడా నవ్వాలో ఏడవాలో తెలియక ఉత్తరం మడిచాడు. లోపల రేడియో ఎవరికీ అర్థంకాకుండా గరగరలాడుతోంది. వెళ్లి దాని చెవి మెలేసి కట్టేసి వచ్చాడు. పీట తెచ్చి సత్తెమ్మకు దగ్గరగా వేసుకుని కూర్చున్నాడు.

"సత్తెమ్మా, గా పాట పాడవే."

"ఎందుకు? మార్కులేస్తవా?"

"ఏస్త."

"ఎన్నేస్తవ్? అయిదేనా?"

"ఇన్నంక చెప్త" అన్నాడు వీరేశం.

సత్తెమ్మ ఆయన ముఖంలోకి ఒకసారి చూసింది. తర్వాత చాట ఊపుతూ నెమ్మదిగా ఎత్తుకుంది. దూరంగా జనరేటర్లు మోగుతూనే ఉన్నాయి. వీరేశం పీట ఇంకాస్త ముందుకు జరుపుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, చివరిదాకా కదలకుండా విన్నాడు.

"చెప్పు మరి" అంది సత్తెమ్మ.

"నాలుగు."

"ఒకటేడ పోయింది?"

"గొంతు మా అవ్వదే. అచ్చం అవ్వదే" అన్నాడు వీరేశం కళ్లు తుడుచుకుంటూ. "గని రెండో చరణంల అవ్వ జర ఆగి పట్టుకునేది. నువ్వు ఉరికినవ్."

సత్తెమ్మ ఒక నిమిషం ఆలోచించింది. "అవునయ్యో, ఉరికిన" అని చాట పక్కన పెట్టి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.